పేరుకు పొలిమేర ఉన్న రోజులు

మా నాయన హార్మోనియం పెట్టె అడుగున ఒక నోటుపుస్తకం ఉంది. అందులో పద్యాలన్నీ తెలుగువే, అక్షరాలు మాత్రం కన్నడం. శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ఇది వింత కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో కన్నడం చదువుతాం, తెలుగు పద్యాన్ని కన్నడ అక్షరాల్లో రాసుకుని పాడతాం. ప్రతి పద్యం పక్కన నాయన పెన్సిలుతో రెండు సంగతులు రాశాడు: ఏ శ్రుతి, ఎవరి గొంతు. కొన్నిచోట్ల పేరు కొట్టేసి ఇంకొకటి, దాన్నీ కొట్టేసి మరొకటి. నలభై ఏళ్లలో మా ఊళ్లో పేరు ఎలా పుట్టిందో, ఎలా చెడిందో ఆ కొట్టివేతల్లో ఉంది. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు నాయన పెట్టె మోస్తున్నాను. ఈ సంగతి నాకు తెలిసినంత మేరకు రాసి పెట్టాలని ఉంది.

రాగుల నూర్పిడి అయ్యాక మా పక్క ఊళ్లలో నాటకం కట్టేవాళ్లు. నేర్పేవాణ్ణి మేష్ట్రు అంటారు. నాయన ఆ మేష్ట్రు. ఒక ఊరు పిలిస్తే మూడు నెలలు అక్కడే ఉండేవాడు. పూటకొక ఇంట్లో భోజనం. చివర్న ఇంత రాగులు, ఇంత డబ్బు, ఒక పంచె. మొదటి రాత్రి చావడిలో లాంతరు పెట్టి, వచ్చిన మగవాళ్లందరి చేతా ఒక్కో పద్యం పాడించేవాడు. గొంతు విని వేషం చెప్పేవాడు. ఎకరాలున్నవాడికి భటుడి వేషం, కూలివాడికి ధర్మరాజు వేషం పడిన ఊళ్లున్నాయి. కొందరు అలిగేవాళ్లు. నాయన మార్చేవాడు కాదు.

నాటకం రాత్రి పదింటికి మొదలై పొద్దు పొడిచేదాకా సాగేది. తెల్లవారితే ఎవరి పని వాళ్లకి. మా ఇళ్లలో పట్టుపురుగులు ఉంటాయి కదా, నాలుగో జ్వరం, అంటే నాలుగో కుబుసం, విడిచి లేచిన పురుగు ఆకు కోసం ఆగదు. రాత్రంతా కృష్ణుడుగా నిలబడిన మనిషి, చెవి వెనక నీలి రంగు ఇంకా పోకముందే తోటలో వంగి మల్బరీ ఆకు కోస్తూ కనిపించేవాడు. దారిన పోయే ముసలమ్మ ఆగి, "రెండో అంకంలో పద్యం మింగితివే నాయనా" అనేది. అతను తలొంచుకుని, "ఔనమ్మా, ఊపిరి చాల్లేదు" అనేవాడు. మళ్లీ ఏడాది ఆ పద్యం మింగేవాడు కాదు.

నాకు ఆ ముసలమ్మే ముఖ్యం. పేరు ఇచ్చేది ఆమె, తప్పు పట్టేదీ ఆమె. ఆమే, వేషగాడూ ఒకే బావి నీళ్లు తాగుతారు. పేరు ఎంత పెద్దదైనా నాలుగూళ్ల పొలిమేర దాటేది కాదు, ఆ పొలిమేరలోపల వేషగాడి అప్పులూ, కోపమూ, భార్యతో అతని నడతా అందరికీ తెలుసు. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టులో దారం తీసే రీలరు గూడు కొనే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. లోపలి పురుగు ఎండిందా, పచ్చిగా ఉందా, కుళ్లిందా అన్నది ఆ చప్పుడు చెబుతుంది. పైన మెరుపు చూసి ఎవరూ డబ్బివ్వరు. మా ఊళ్లు మనుషుల్నీ అట్లాగే ఆడించి చూసేవి.

అట్లాగని దూరం పోయే పేరు మాకు తెలియనిది కాదు. చింతామణి తాలూకా కైవారంలో నారాయణప్ప ఉన్నారు. కైవారం తాతయ్య అంటారు మా పక్క. 1726లో పుట్టి 110 ఏళ్లు బతికారని భక్తుల నమ్మకం. గాజులమ్మిన మనిషి. తెలుగులోనూ కన్నడలోనూ పాటలు కట్టారు, కాలజ్ఞానం చెప్పారు. ఆయన పాట ఊరూరా పాకింది గానీ, ఒక్కొక్క నోటి మీదుగా, ఒక్కొక్క భజన గుంపు మీదుగా పాకింది. పాట మోసుకుపోవాలంటే ముందు దాన్ని నేర్చుకోవాలి. నేర్చుకోవాలంటే కొన్నాళ్లు దానితో ఉండాలి. ఆ పేరు మా దగ్గరికి వచ్చేలోగా ఎందరో దాన్ని చెవి దగ్గర పెట్టి ఆడించి చూశారు. రెండు నూర్ల ఏళ్లయినా తాతయ్య పేరు చెడకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

నాయన తరానికి ఇంకొక పెద్ద పేరు బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో వకీలుగా బతికిన మనిషి. కోర్టు పనే అన్నం పెట్టింది, నాటకం ఆయన ప్రాణం. 1927లో గాంధీగారు ఒంట్లో బాగాలేక మా నంది కొండకు విశ్రాంతికి వచ్చారు. ఆ రోజుల్లోనే రాఘవ 'దీనబంధు కబీర్' ఆడగా గాంధీగారు చూసి ఎంతో మెచ్చుకున్నారు. ఈ సంగతి నాయన ప్రతి ఊళ్లోనూ మొదటి రాత్రి చెప్పేవాడు. వెంటనే రెండో సంగతి చెప్పేవాడు: రాఘవకు సాగదీసే రాగాలంటే గిట్టదు. ఆ కాలంలో తెలుగు రంగస్థలం మీద పద్యం అయ్యాక రాగం లాగడం, జనం 'వన్స్ మోర్' అనడం, వేషగాడు చచ్చినవాడైనా లేచి మళ్లీ పాడడం మామూలు. రాఘవ దాన్ని ఒప్పుకోలేదు. పాత్ర ఏం అనుభవిస్తోందో అది కనిపించాలి, గొంతు కాదు అన్నది ఆయన పట్టు. చప్పట్లు రావని తెలిసీ ఆ పట్టు వదల్లేదు. తర్వాత 'ద్రౌపదీ మానసంరక్షణం', 'రైతుబిడ్డ', 'చండిక' సినిమాల్లో నటించినా ఆయన మనసు నాటకం మీదే ఉంది. 1946లో పోయారు.

రాఘవ ఒక్కడు. మిగతా లోకం రాగం వెంబడే పోయింది. దానికి బలం ఇచ్చింది గ్రామఫోను. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటివారి పద్యాలు ప్లేటు మీదికెక్కాక, మనిషిని చూడనివాళ్లు కూడా ఆ గొంతుకు దాసులయ్యారు. ప్లేటుకు ఒక గుణం ఉంది: కథ అక్కర్లేదు, ఒక్క పద్యం చాలు. జనానికి నాటకం పోయి పద్యం మిగిలింది, పద్యం పోయి పాడేవాడి పేరు మిగిలింది. కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒకే రాత్రి ఒకే కృష్ణుడి వేషం ముగ్గురికి పంచి, ఎవరికి ఎక్కువ వన్స్ మోర్లు వస్తాయో అని పోటీ పెట్టేవాళ్లు. అర్జునుడు చేతులు కట్టుకుని అరగంట నిలబడాలి.

తర్వాత మా పల్లెలకు టూరింగు టాకీసులు వచ్చాయి. కోతలైన చేలో గుడారం, నేల టికెట్టు, రీలు మార్చినప్పుడల్లా చీకటి. చిత్తూరు నాగయ్య తెర మీద పోతన, వేమన, త్యాగయ్య అయ్యారు. ఆయన కనిపిస్తే జనం కాళ్ల మీద పడేవాళ్లు. ఆ పేరు ఆయన్ని గర్విష్ఠిని చేయలేదు, అది రాసి తీరాలి. వచ్చినదంతా అడిగినవాడికి పెట్టారు, 1973లో లేమిలోనే పోయారు. మనిషిని చెడగొట్టలేకపోయిన పేరు ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్లని చెడగొట్టింది. ఆయన్ని మహానుభావుడని మొక్కినవాళ్లే ఆయన ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. పేరు చేసే హాని పేరున్నవాడికే అనుకుంటాం. నా అనుభవంలో పేరు ఇచ్చేవాళ్లకి జరిగే హాని దానికి తక్కువ కాదు.

మా జేజి సంగతి చెబుతాను. తిరుపతి యాత్రికుల బస్సులు మద్రాసు దాకా పోయి సినిమా నటుడు ఎన్.టి. రామారావుగారి ఇంటి ముందు ఆగే రోజులవి. 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' వచ్చాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. మా జేజి అట్లాంటి బస్సులో పోయి వచ్చి, లడ్డూ పంచుతూ, కొండ మీద ఒక స్వామిని, మద్రాసులో ఒక స్వామిని చూశానని అందరికీ చెప్పింది. నాయన అమ్మకు ఎదురు చెప్పేవాడు కాదు. ఆ రాత్రి మాత్రం హార్మోనియం ముట్టుకోకుండా కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు ఆమె కొడుకే ఊరూరా కృష్ణుణ్ణి నేర్పుతున్నాడు. తెల్లారి ఆ కృష్ణుడు ఆకు కోయడం ఆమె కళ్లతో చూసింది. అయినా తెర మీద ముఖం చూశాక ఆమెకు ఆ తేడా చెరిగిపోయింది. పాడే గొంతు ఘంటసాలది, కనిపించే ముఖం రామారావుది. ఇదీ ఆమెకు తెలుసు, తెలిసినా లెక్కలోకి రాలేదు.

1977 సంక్రాంతికి 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. రామారావుగారే దర్శకుడు, ఆయనే కృష్ణుడు, ఆయనే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు. కొండవీటి వెంకటకవి మాటలు. నేను అప్పటికి పందొమ్మిదేళ్లవాణ్ణి, చూసిన ప్రతిసారీ ఒళ్లు పులకరించింది, ఇప్పటికీ పులకరిస్తుంది. ఆ నటన గొప్పది. కానీ ఆ మాటలు రికార్డుల మీద, తర్వాత క్యాసెట్ల మీద ఊరూరా మోగాక మా దుర్యోధనులు చచ్చిపోయారు. అంతకు ముందు ప్రతి ఊరికీ ఒక దుర్యోధనుడు ఉండేవాడు. ఒకడు గొణిగే దుర్యోధనుడు, ఒకడు ఏడుపు ఆపుకునే దుర్యోధనుడు, మా పక్క ఊరివాడు చేతిలో గద లేకుండానే భయపెట్టేవాడు. రెండేళ్లలో అందరూ ఒకే మనిషయ్యారు: అదే మెడ తిప్పడం, అదే నవ్వు, అదే ఆగడం. నాయన నేర్పేది వద్దు, క్యాసెట్లో ఉన్నట్టు నేర్పమన్నారు. నోటుపుస్తకంలో దుర్యోధనుడి పద్యాల పక్కన పేర్లు రాయడం నాయన ఆ ఏడాదితో మానేశాడు.

1982 మార్చి 29న రామారావుగారు పార్టీ పెట్టారు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. మాకు ఓటు లేదు, మేం కర్ణాటక. అయినా బాగేపల్లి దాటి, కొడికొండ దాటి, హిందూపురం దాకా లారీలెక్కి పోయి చూసివచ్చాం. తర్వాత హిందూపురం ఆయన నియోజకవర్గమే అయింది. ఆయన చేసిన పాలన మీద నాకు గౌరవం ఉంది. నేను చెప్పేది మా సంగతి. లారీ దిగి వచ్చిన మాలో ఒక్కడు కూడా ఆయన ఏం మాట్లాడారో చెప్పలేకపోయాడు. చూశాం, అంతే. ఆడించి చూడడం అనే అలవాటు మా చేతుల్లోంచి అప్పుడే జారిపోయింది.

ఇక మా కృష్ణుడి కథ. అతని పేరు రాయను, ఊరు రాయను. శిడ్లఘట్టలో ఒక సాయిబు గారి చరకా దగ్గర దారం తీసేవాడు. కాగే నీళ్లలో గూళ్లు కలిపి కొస పట్టే పని. ఆ పని చేసే చేతులు ఎట్లా ఉంటాయో చూసినవాళ్లకే తెలుసు. వేళ్లు తెల్లగా నాని, చర్మం ముడతలు పడి, గోళ్ల పక్కన పగిలి ఉంటుంది. నాటకం రోజు ముఖానికి, భుజాలకు నీలి రంగు పట్టేది గానీ అరచేతులకు పట్టేది కాదు. ఎంత పూసినా జారిపోయేది. అభయం ఇచ్చే కృష్ణుడి అరచెయ్యి పెట్రోమాక్సు వెలుగులో పాలిపోయి కనిపించేది. మొదటి వరసలో కూర్చున్న చరకా పనివాళ్లు, హిందువులూ సాయిబులూ, ఆ చెయ్యి చూసి కళ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్ల చేతులే కదా.

1980ల మొదట్లో ఎవరో అతని పద్యాలు టేపురికార్డరులో పట్టారు. ఆ క్యాసెట్టుకు కాపీలు పడ్డాయి. చింతామణి టీ అంగళ్లలో, బాగేపల్లి బస్సుల్లో, పెండ్లి పందిళ్లలో మోగింది. ఆర్నెల్లకు అతన్ని చూడని ఊళ్లు అతన్ని పిలవడం మొదలుపెట్టాయి. తప్పు లేదు, పేద మనిషి, నాలుగు డబ్బులు రావాలి. నాయన కూడా సంతోషించాడు. కానీ కొత్త ఊళ్లవాళ్లకు నాటకం అక్కర్లేదు, క్యాసెట్టులో విన్న నాలుగు పద్యాలు కావాలి, క్యాసెట్టులో ఉన్నంత పొడుగు రాగం కావాలి, వీలైతే ఇంకొంచెం ఎక్కువ కావాలి. అతను ఇచ్చాడు. పద్యానికి పావుగంట. అభ్యాసానికి రావడం మానేశాడు. ద్రౌపది వేషం వేసే పిల్లవాడు మాట మరిచిపోతే మునుపు తానే కలిపేవాడు, ఇప్పుడు వేదిక మీదే కసిరాడు. చరకా పని వదిలేశాడు. రెండేళ్లకు చేతులు నున్నబడ్డాయి, నీలి రంగు అరచేతికి బాగా పట్టింది.

ఒక రాత్రి, నాకు బాగా గుర్తు, రాయబారం నడుస్తుండగా నాయన హార్మోనియం ఆపేశాడు. రాగం మధ్యలో. జనం అరిచారు. నాయన లేచి, "కృష్ణుడు వచ్చింది యుద్ధం ఆపడానికప్పా, నువ్వెందుకు వస్తివి?" అన్నాడు. ఆ మాట నలుగురిలో అనకుండా ఉండాల్సింది. నాయన చివరిదాకా దానికి బాధపడ్డాడు. ఇద్దరికీ పదిహేనేళ్లు మాటలు లేవు. నోటుపుస్తకంలో కృష్ణుడి పద్యాల పక్కన అతని పేరు మీద ఒక్క గీత ఉంది. కొత్త పేరు రాయలేదు.

క్యాసెట్టు పేరు నాలుగేళ్లు నిలిచింది. మనుషుల మీదుగా రాని పేరు పోయేటప్పుడు కూడా ఎవరికీ చెప్పకుండా పోతుంది. వీడియో వచ్చింది, రాత్రంతా పందిట్లో సినిమాలు వేశారు. అతను మళ్లీ సాయిబు గారి దగ్గరికి పోతే ఆయన ఒక్క మాట అనకుండా పీట చూపించాడు.

ఆ తర్వాతి రోజుల గురించి రాయడం నాకు కష్టంగా ఉంటుంది. మా వీధుల్లో ఫ్లెక్సీలు వచ్చాయి. హీరో పుట్టినరోజు, హీరో సినిమా, హీరో కొడుకు సినిమా. కింద వరసగా మా పిల్లల ముఖాలు. 2016 ఆగస్టులో కోలారు దగ్గర అవయవదానం సభకు తిరుపతి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఇద్దరు హీరోల అభిమానుల గొడవలో కత్తిపోటుకు చనిపోయాడు. 2020 సెప్టెంబరు 1 రాత్రి, మా సరిహద్దుకు ఆవల, కుప్పం పక్కన శాంతిపురంలో హీరో పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు కుర్రవాళ్లు కరెంటు తగిలి పోయారు. ఆ పిల్లల్లాంటి వాళ్లనే నేను ముప్పై ఏళ్లు బడిలో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. వాళ్లలో మంచితనానికి కొదవ లేదు. అవయవదానం సభకు పోయినవాళ్లు, రక్తదానం చేసేవాళ్లు. వాళ్లు ప్రేమించే మనిషి ఎన్నడూ వాళ్ల ఊరి తోటలో ఆకు కోయడు. తప్పు చేస్తే చెప్పడానికి దారి లేదు, మంచి చేస్తే భుజం తట్టడానికి దారి లేదు. తిరిగి రాని ఆ ప్రేమ ఎటు పోవాలో తెలియక పక్క ఊరి పిల్లవాడి మీద కోపమై పడింది.

నాటకం చావలేదు, ఇంకా కడుతున్నాం. వేషం మాత్రం ఇప్పుడు గొంతు విని ఇవ్వడం లేదు. కృష్ణుడికి ఇంత, దుర్యోధనుడికి ఇంత, అర్జునుడికి ఇంత అని వేషాలకు ధర ఉంది. డబ్బు కట్టినవాడికి వేషం. ఆ డబ్బుతోనే సీనరీ, డ్రెస్సు, మైకు, మేష్ట్రు జీతం. నా జీతమూ దాంట్లోంచే వస్తుంది, అది దాచను. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడితే కృష్ణుడి ధర పెరుగుతుంది.

పోయిన ఏడాది శివరాత్రికి ఒక ఊళ్లో కృష్ణుడి వేషం కట్టింది ఇటుకల బట్టీ ఉన్న ఒక కుర్రవాడు. మర్యాదస్తుడే. నెలన్నర కష్టపడ్డాడు గానీ పై శ్రుతి అందలేదు. వేదిక ముందు రెండు మూడు వందల ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. హార్మోనియం దగ్గర కూర్చున్న నాకు మనుషుల ముఖాలు కనిపించలేదు, ఆ చిన్న వెలుగులే కనిపించాయి. రాయబారం పద్యం ఎత్తుకున్నాడు, మూడో పాదంలో గొంతు జీరపోయింది. నోరు తెరిచి ఉంది, మాట రాలేదు.

అప్పుడు పక్కతెర వెనక నుంచి పద్యం వినిపించింది. మా పాత కృష్ణుడు. ఎనభై దాటాయి. నాయన పోయినప్పుడు వచ్చి పాడె మోశాడు, అప్పటి నుంచి నాతో నాటకాలకు వస్తాడు, పక్కన కూర్చుని వక్క నములుతూ వింటాడు. లేవలేదు, కుర్చీలోనే ఉండి పాడాడు. రాగం లాగలేదు. మూడో పాదం, నాలుగో పాదం, అంతే. కుర్రవాడు తెలివిగా పెదవులు కలిపాడు. మైకు అందుకుంది. జనం చప్పట్లు.

తెల్లారేసరికి ఆ వీడియో చింతామణి, బాగేపల్లి, హిందూపురం దాకా పోయింది. కుర్రవాడి ముఖం, అతని పేరు, కింద వందల పొగడ్తలు. కుర్రవాడు ముసలాయన దగ్గరికి వచ్చి, "తాతా, నిజం చెప్పేస్తాను" అన్నాడు. ముసలాయన చెయ్యి ఊపి వద్దన్నాడు. ఆ అరచెయ్యి ఇప్పుడు మళ్లీ తెల్లగా, ముడతలు పడి ఉంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నా వైపు తిరిగి, "నాలుగో పాదంలో శ్రుతి తగ్గిందా?" అని అడిగాడు.

కొంచెం తగ్గింది. తగ్గిందనే చెప్పాను.

"అనుకుంటిని" అన్నాడు.

ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీశాను. గీత కొట్టిన ఆ పేరు పక్కన పెన్సిలుతో మళ్లీ ఆ పేరే రాశాను, కన్నడ అక్షరాల్లో, నాయన రాసినట్టే.